బోరు మోటారుకు ప్రెషర్ ట్యాంకు: గోడ మీద చోటు కాదు, పంపు జోరు చూడాలి

సంపాదకులకు,

అయ్యా,

షవరుకు, వాషింగ్ మెషీనుకు నీరు జోరుగా రావాలని బోరు మోటారును నేరుగా ప్రెషర్ ట్యాంకుకు కలిపించుకునేవారు మా హనుమకొండలో కనిపిస్తున్నారు. ఆ కోరికలో తప్పేమీ లేదు. మిద్దె మీది ట్యాంకులో నీరు షవరుకు మూడు మీటర్ల ఎత్తులో ఉంటే అక్కడ దొరికే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.3 కిలోలే కాబట్టి పై అంతస్తులో ధార సన్నగానే వస్తుంది. అయితే ఈ ట్యాంకును బిగించే తీరు వల్ల మంచి మోటార్లు కాలిపోతున్నాయని, వాటిని విప్పి వైండింగ్ చేసే పనిలో ఉన్నవాడిగా మీ పాఠకులకు తెలియజేయదలచాను.

ట్యాంకు లోపలి రబ్బరు సంచిలోకి నీరు చేరేకొద్దీ చుట్టూ ఉన్న గాలి నొక్కుకుపోతుంది. కుళాయి తిప్పితే ఆ గాలే నీటిని బయటికి తోస్తుంది. ఒత్తిడి 2 కిలోలకు పడిపోతే మోటారును వేసి, 3.5 కిలోలకు చేరగానే ఆపేలా ప్రెషర్ స్విచ్‌ను అమర్చారనుకుందాం. ట్యాంకు మీద 24 లీటర్లని రాసి ఉన్నా, మోటారు ఆగి ఉండగా అందులోంచి వచ్చేది ఏడెనిమిది లీటర్లే, అంటే సగం బకెట్టు. నిమిషానికి 40 లీటర్లు తోడే బోరు మోటారు ఆ కాస్త నీటిని పది పన్నెండు సెకన్లలో నింపి ఆగిపోతుంది. ఇంట్లో ఒక్క కుళాయి ఓ మోస్తరుగా తిప్పి ఉన్నా చాలు, మోటారు సుమారు నిమిషానికోసారి వేసుకుంటూ ఆగుతూ ఉంటుంది. వేసుకున్న ప్రతిసారీ మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక ఆ వేడి చల్లారే వ్యవధి దానికి దొరకదు. అలా వచ్చిన మోటార్లలో స్టార్టింగ్ వైండింగ్ మాడిపోయి, రన్నింగ్ వైండింగ్ మాత్రం చెక్కుచెదరకుండా ఉండటం, ప్యానెల్ డబ్బాలో కెపాసిటర్ ఉబ్బి ఉండటం నేను చూస్తున్నాను.

మోటారు వేసుకుంటే కనీసం ఒక నిమిషమైనా ఆగకుండా నడవాలి. ఈ లెక్కన పైన చెప్పిన మోటారుకు సుమారు 130 లీటర్ల ట్యాంకు కావాలి. గోడ మీద చోటును బట్టో, దుకాణంలో ఉన్నదాన్ని బట్టో చిన్న ట్యాంకు తగిలించడం సరికాదు.

గాలి సంగతి ఇంకా అన్యాయంగా ఉంది. ట్యాంకుకు మోటారు సైకిల్ ట్యూబుకు ఉండేలాంటి వాల్వే ఉంటుంది. నీరంతా వదిలేశాక అక్కడ గేజీ పెట్టి చూస్తే, మోటారు వేసుకునే ఒత్తిడి కంటే కొద్దిగా తక్కువ, అంటే 1.8 కిలోల పైచిలుకు ఉండాలి. దీన్ని ఆరు నెలలకోసారైనా చూడాలని ఇంటివారికి చెప్పేవారే లేరు. గాలి తగ్గితే ఎంత పెద్ద ట్యాంకైనా చిన్నదానిలాగే పనిచేస్తుంది. ఎవరూ కుళాయి తిప్పకుండానే రాత్రిపూట మోటారు దానంతటదే వేసుకుంటుంటే, ఎక్కడా కారడం లేదని తేల్చుకున్నాక, నీరు వెనక్కి పోకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు పట్టక నీరు బోరులోకి దిగిపోతోందేమో చూడాలి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది, ఒత్తిడి మితిమీరితే నీటిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వు లేకుండా బిగించడం. మన గట్టి నీళ్లకు స్విచ్ కింది సన్న రంధ్రం సున్నం పేరుకుని మూసుకుపోవచ్చు, పాయింట్లు అతుక్కుపోవచ్చు. అప్పుడు మోటారు ఆగదు. 100 మీటర్ల ఎత్తుకు తోడగల పంపును 30 మీటర్ల లోతులోనే నీరున్న బోరులో దించితే, కుళాయిలన్నీ కట్టేసి ఉన్నప్పుడు పైపుల మీద 7 కిలోల దాకా ఒత్తిడి పడుతుంది. కొన్ని వందల రూపాయల దగ్గర వెనుకాడి, గోడల్లో దాచిన పైపులను ఈ ప్రమాదానికి వదిలేయడం ఏమాత్రం తగదు. పంపుకూ సేఫ్టీ వాల్వుకూ మధ్య, పంపుకూ స్విచ్‌కూ మధ్య కట్టేయగలిగే వాల్వు ఏదీ ఉండకూడదు.

ఇక ఎండాకాలంలో ఆగి ఆగి పోసే బోర్లకు ఈ పద్ధతి అసలే నప్పదు. నీరు అందనప్పుడు ఒత్తిడి 3.5 కిలోలకు చేరదు కాబట్టి, నీరు లేకుండా తిరిగితే ఆపేసే డ్రై రన్ రక్షణ లేని మోటారు కాలిపోయేదాకా నడుస్తూనే ఉంటుంది. అలాంటి ఇళ్లవారు మిద్దె ట్యాంకును అలాగే ఉంచుకుని, దాని తర్వాత చిన్న ప్రెషర్ పంపు పెట్టుకోవడం మేలు. కరెంటు పోయినా కింది కుళాయిలకు నీళ్లుంటాయి.

ట్యాంకుతో పాటు ఇచ్చే కాగితం మాకు కనిపించినంతవరకు ఇంగ్లిషులోనే ఉంటోంది. ఏ మోటారుకు ఎంత ట్యాంకు, గాలి ఎంత, సేఫ్టీ వాల్వు ఎక్కడ అన్న మూడు విషయాలనైనా బొమ్మతో సహా తెలుగులో ముద్రించి ఇవ్వాలని తయారీదారులను, ఐటీఐల ప్లంబింగ్ శిక్షణలో ఈ పనిని చేతితో చేయించి నేర్పాలని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక మోటారు వైండింగ్ పనివాడు,
హనుమకొండ