బడి గ్రాంటు జూన్‌లోనే ఇవ్వండి
ప్రభుత్వ బడులకు కేంద్రం, రాష్ట్రం కలిసి డబ్బు పెట్టే సమగ్ర శిక్ష పథకం కింద వచ్చే స్కూల్ గ్రాంటు విద్యా సంవత్సరం చివర్లో పడితే ఎవరికి ఉపయోగం? 30 మంది లోపు పిల్లలుంటే ఏడాదికి 10 వేలు, 100 మంది దాకా 25 వేలు, అందులోనే సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చిన్నాచితకా రిపేర్లు, మరుగుదొడ్ల శుభ్రత అన్నీ చూసుకోవాలి. మా ఊరి బడికి పోయినేడు ఆ డబ్బు ఫిబ్రవరి దాటాక వచ్చింది. అప్పటిదాకా చీపుర్లు, ఫినాయిలు హెడ్మాస్టరు గారే సొంత డబ్బుతో కొన్నారు, ఆడపిల్లల బాత్రూం తలుపు గడియ ఊడిపోతే నెలల తరబడి తాడు కట్టి నెట్టుకొచ్చారు. తీరా వచ్చాక మార్చి 31 లోపు ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతుందని టెన్షన్. కేంద్రం, రాష్ట్రం వాటాల లెక్క తేలేదాకా ఆగకుండా బడి తెరిచే జూన్‌లోనే కనీసం సగం ఖాతాలో వేయాలి, ఎంత వచ్చిందో, దేనికి పెట్టారో బడి గోడ మీద రాయించాలి.