పాల వాడుక, ఫోను వాడుక

అమలాపురం,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి బుజ్జికి నాన్న దీవించి రాయునది. ఇక్కడ మీ అమ్మా నేనూ క్షేమం. నువ్వు క్షేమమని రాత్రే ఫోనులో విన్నాను కాబట్టి అక్కడ నీ క్షేమం అడగనక్కర్లేదు. అయినా 34 ఏళ్లు తపాలా శాఖలో పనిచేసిన చెయ్యి కదా, ఆ వరస తప్పితే ఉత్తరం ముందుకు సాగదు.

నువ్వు పంపిస్తానన్న కొత్త ఫోను పంపకు. ఎందుకని నువ్వు అడిగితే రాత్రి సరిగా చెప్పలేకపోయాను. పక్కనుంచి మీ అమ్మ "మీ నాన్నకు తన ఫోను కంపెనీ మీద అలక" అనేసింది. అలగడానికి నేనేమైనా కొత్త అల్లుడినా? 11 ఏళ్లలో ఆ కంపెనీవే మూడు ఫోన్లు కొన్నాను. మీ పెద్దమ్మ చేత ఒకటి, ఎదురింటి మాస్టారి చేత ఒకటి కొనిపించాను. పైసా కమీషను లేని ఏజెంటుగా తిరిగాను. మాస్టారు వేరే కంపెనీ పేరెత్తితే ఆయనతో వాదన కూడా పెట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది, ఆ కంపెనీవాడు నాకేమి చుట్టమని!

వర్షాలు మొదలైన వారంలో ఫోను ఛార్జింగు ఎక్కడం మానేసింది. వారంటీ ఇంకా మూడు నెలలుంది. వాళ్ల సర్వీస్ సెంటరు రాజమండ్రిలో. రావులపాలెం మీదుగా గౌతమి వంతెన దాటి వెళ్లి రావడం 120 కిలోమీటర్ల పైమాటే. టోకెన్ తీసుకుని రెండు గంటలు కూర్చున్నాక లోపలి కుర్రాడు సిమ్ము పెట్టే గాడిలోకి టార్చి వేసి నన్ను చూడమన్నాడు. కళ్లజోడు సవరించుకుని చూస్తే, అడుగున ఆవగింజంత చుక్క, ఎర్రగా. అది మామూలుగా తెల్లగా ఉండాలట, నీరు తగిలితే ఎరుపు తిరుగుతుందట. "నీళ్లలో పడింది సార్, వారంటీ వర్తించదు. బోర్డు మార్చాలి" అని ఒక అంకె చెప్పాడు. దానికి ఇంకొంచెం కలిపితే కొత్త ఫోనే వస్తుంది.

నీళ్లలో పడలేదమ్మా. కానీ నిజం చెప్పాలంటే, పడలేదని నేను రుజువు చేయలేను. ఈ కాలంలో మన ఇంట్లో ఉప్పు డబ్బాలో నీరు ఊరుతుంది, అగ్గిపుల్ల గీస్తే వెలగదు, పంచె రెండు రోజులైనా ఆరదు. చొక్కా జేబులో పెట్టుకుని కాలువ గట్టున సైకిలు తొక్కుతాను. చెమట తగిలిందేమో. ఆ మాటే అడిగాను: "బాబూ, కోనసీమలో అమ్మేటప్పుడు ఇక్కడి గాలి సంగతి మీకు తెలియదా?" కుర్రాడు నవ్వాడు. పాపం, వాడి చేతిలో ఏముంది.

కోపం ఆ చుక్క మీద కాదు. తరవాత జరిగినదాని మీద. మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ కొత్త కాగితం రాశారు. కస్టమర్ కేర్‌కు తొమ్మిదిసార్లు చేశాను. ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ మొదటి నుంచి కథ. పేరు చెప్పండి, ఫోను వెనక ఉన్న అంకెలు చెప్పండి, సమస్య ఏమిటో చెప్పండి. సత్యనారాయణ వ్రతంలో కూడా ఐదు కథలే! చివర ప్రతివాళ్లూ అన్నది ఒకటే, "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము". నీ కాల్ సెంటరులో నిన్ను కూడా ఆ మాట అనమంటారా, బుజ్జీ? ఆ మాట అన్నవాళ్లను నేను తప్పుపట్టలేను. ఒక్కో ఫోన్ కాల్‌ను ఇన్ని నిమిషాల్లో ముగించాలని పైవాళ్లు లెక్క చూస్తారని నువ్వే చెప్పావుగా. తొమ్మిదోసారి మాట్లాడిన అమ్మాయి గొంతు అచ్చం నీ గొంతులాగే ఉంది. నేను అరవబోయి ఆగిపోయాను.

నేనూ కౌంటరుకు ఆ పక్కన కూర్చున్నవాణ్నే. నీకు ఎప్పుడూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సాయంత్రం, నది మధ్య లంక నుంచి పంటు పడవలో ఏరు దాటి ఒక ముసలావిడ మనియార్డరు కోసం వచ్చింది. సమయం దాటి పది నిమిషాలైంది. డబ్బు నా పెట్టెలోనే ఉంది. "రేపు రా" అన్నాను. రూలు అదే. మర్నాడు తలుపు తీసేసరికి ఆవిడ అరుగు మీదే ఉంది. అప్పటికి రేవులో ఆఖరి పంటు వెళ్లిపోయిందట, గుడి మంటపంలో పడుకుందట. డబ్బు తీసుకుని, వేలిముద్ర వేసి, దండం పెట్టి వెళ్లింది. ఒక్క మాట అంటే బాగుండేది. అనలేదు.

సరే, ఫోను దగ్గరికి వస్తాను. మాస్టారు చెబితే 1915కు చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులో మాట్లాడవచ్చు. తీర్పు చెప్పేది కాదు, ఫిర్యాదు రాసుకుని కంపెనీకి పంపి పరిష్కారానికి చూసేది. అక్కడా కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామనుకున్నాను. పాత 1986 చట్టంలో అయితే కంపెనీ శాఖ ఉన్న చోటో, గొడవ పుట్టిన చోటో కేసు వేయాలి. 2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన 2019 చట్టంలో మనం ఉండే చోటే వేసుకోవచ్చు. రెండేళ్లలోపు వేయాలి, చెల్లించిన ధర 5 లక్షల లోపయితే రుసుము కూడా లేదు. ఇవన్నీ తెలుసుకుని, రసీదులు, మూడు కాగితాలు, కాల్ చేసిన తేదీలు ఒక ఫైలులో పెట్టాను. ఆ ఫైలు చూసి మీ అమ్మ "ఉద్యోగం మళ్లీ వచ్చినట్టు ఉంది మీకు" అంది. అబద్ధం కాదు, కాస్త హుషారుగానే ఉంది.

పన్నెండో రోజున కంపెనీ నుంచే ఫోను. "మీరు మాకు విలువైన కస్టమరు కాబట్టి ఈసారికి ప్రత్యేకంగా ఉచితంగా చేస్తున్నాం" అన్నారు. చేశారు కూడా. ఇప్పుడు అది శుభ్రంగా పనిచేస్తోంది. కానీ నాకు కాలింది ఆ మాటకే. నాకు హక్కుంటే మొదటి రోజే చేయాలి. లేకపోతే చివరి రోజు కూడా చేయకూడదు. గట్టిగా అడిగినవాడికి ప్రత్యేకం, అడగలేనివాడికి ఎర్రచుక్క.

మన ఇంటికి పాలు వాడుకగా పోసే ఆయన నీకు గుర్తున్నాడు కదా. నువ్వు పుట్టక ముందు నుంచీ ఆయన దగ్గరే. వేరేచోట లీటరుకు నాలుగు రూపాయలు తక్కువ అన్నా మనం మారలేదు. ఎందుకంటే గేదె ఒట్టిపోయిన నెలల్లో ఆయన పొరుగూరు నుంచి తెచ్చి మరీ పోశాడు. నీ బారసాల నాడు పాలు విరిగితే, ఎవరి తప్పో అడక్కుండా ఇంకో బిందె తెచ్చి దింపాడు. వాడుక అంటే నాకు తెలిసింది అది, రెండు చేతులా పట్టుకునే బిందె. కంపెనీవాళ్లు నన్ను వాడుకగా ఉండమంటారు, తమ వైపు చెయ్యి మాత్రం జేబులో పెట్టుకుంటారు.

అందరూ ఒకటని కాదు. 2007 ఆగస్టులో నోకియావాళ్లు బీఎల్-5సీ బ్యాటరీల్లో కొన్ని ఛార్జింగు పెట్టినప్పుడు వేడెక్కవచ్చని తామే ప్రకటించారు. 4.6 కోట్ల బ్యాటరీలు. అడిగినవాళ్లకు ఉచితంగా మారుస్తామన్నారు. అప్పటి నా నోకియా 1100 ఫోనులో ఉన్నదీ ఆ రకమే. బ్యాటరీ మీది అంకెలు చూసి సరిచూసుకున్నాను, మనది ఆ జాబితాలో లేదు. అయినా తప్పు ఉందని అమ్మినవాడే ముందు చెప్పడం చూసి, తపాలా శాఖలో ఇది ఎప్పుడైనా జరుగుతుందా అనుకున్నాను. తరవాత ఆ కంపెనీ ఫోన్ల వ్యాపారం 2014లో మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లిపోయింది. మంచి సేవ చేస్తే నిలుస్తారని నీకు చెబుదామంటే, ఇదొకటి అడ్డు వస్తోంది.

నా చేతికి ఉన్న హెచ్‌ఎంటీ సంగతీ అంతే. మీ తాతయ్య నా పెళ్లికి పెట్టిన, కీ ఇచ్చే గడియారం. ఆ గడియారాల కంపెనీని మూసేయాలని ప్రభుత్వం 2016లో నిర్ణయించింది. గడియారం మాత్రం ఆగలేదు. గడియార స్తంభం సెంటరులో మెట్ల కింద బల్ల వేసుకుని కూర్చునే ఆయన, కంటికి భూతద్దం తగిలించుకుని, పాత గడియారాల్లోంచి విడిభాగాలు తీసి పెడుతుంటాడు. ఆయనకు ఏ కంపెనీ ముద్రా లేదు. ఈ మధ్య పక్కనే ఆయన కొడుకు ఫోన్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. నా ఫోనుకు ఇకపై ఏం వచ్చినా అతని దగ్గరికే, వారంటీ ఎలాగూ దసరాకు అయిపోతుంది.

కొత్త ఫోనుకు దాచిన డబ్బు నీ హాస్టలు ఫీజుకు వాడుకో. దీపావళికి వచ్చేటప్పుడు నీ సొరుగులో పడి ఉన్న ఆ పగిలిన పాత ఫోను మాత్రం మరిచిపోకుండా తీసుకురా. ఆ అబ్బాయి అడిగాడు, తెర పోయినా లోపలి సరుకు పనికొస్తుందట.

ఇట్లు,
నాన్న