నన్ను మళ్లీ మగ్గం మీద కూర్చోబెట్టిన వారికి కృతజ్ఞతలు

కొన్నేళ్లుగా వదలకుండా వేధించిన నడుము నొప్పి నుంచి తేరుకుని, ఈ సంక్రాంతి తర్వాత మళ్లీ పూర్తి పొద్దు మగ్గం నేయగలుగుతున్నాను. ఇందుకు కారకులైన వారికి ఇళ్లకు వెళ్లి చెప్పుకున్నాను గానీ, ఇది నలుగురిలో చెప్పవలసిన మేలు. నాలాగే నడుము పట్టుకుని పని చేసుకునేవారు మన కోనసీమలో ఇంటింటా ఉన్నారు కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మాది అమలాపురం పక్కన బండారులంక. గుంట మగ్గం నేసేవాడు గుంత అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి కింది కర్రలు తొక్కుతూ, అడ్డపోగును మోసే నాడె ఆడిస్తూ, పోగు పోగుకూ ముందుకు వంగి ఆ అడ్డపోగును, అంటే పేకను, దగ్గరకు కొడుతూ ఉండాలి. నా నొప్పి ముదిరిన రోజుల్లో మగ్గం మీంచి లేవాలంటే పక్కనున్న స్తంభం పట్టుకుని కాసేపు వంగే నిలబడవలసి వచ్చేది. రాత్రి పక్క మీద అటు నుంచి ఇటు తిరగడానికి కూడా మా ఆవిడ చెయ్యి అందించవలసి వచ్చేది.

మొదటి నమస్కారం అమలాపురంలోని ఎముకల డాక్టరు గారికి. నొప్పి మూడు నెలలు దాటితే దానిని దీర్ఘకాలిక నొప్పిగా చూడాలని చెప్పి, ఎం.ఆర్.ఐ. తీయించి, నడుములోని నాలుగు, అయిదు పూసల మధ్య డిస్కు కొద్దిగా ఉబ్బిన సంగతి చూపించారు. అటువంటి ఉబ్బు ఏ నొప్పీ లేనివారిలోనూ వయసుతో పాటు కనిపిస్తుందని, కాళ్లలో బలం తగ్గలేదు కనుక ఆపరేషన్ మాట తలపెట్టనక్కర లేదని విడమరచి చెప్పారు. అప్పు ఎవరిని అడగాలా అని లెక్కలు వేసుకుంటున్న మా ఇంటికి ఆ మాట ఎంత ఊరటో రాయడం నా వల్ల కాదు. కాకినాడలో ఫిజియోథెరపీ చదివి, ఆపైన కైరోప్రాక్టిక్‌లో శిక్షణ పొందిన డాక్టరు గారి దగ్గరకు పంపినది కూడా వారే.

కైరోప్రాక్టిక్ అనే పేరు మన వైపు చాలామందికి కొత్త. 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ పట్టణంలో డి. డి. పామర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. వెన్ను కీళ్లను చేతులతో సరిచూసి, కదలిక తగ్గిన చోట కొలతగా ఒత్తిడి ఇవ్వడం దీని ప్రధాన ప్రక్రియ. రోగాలన్నిటికీ మూలం వెన్నులోనే ఉందని పామర్ నమ్మిన మాట ఈనాటి వైద్యశాస్త్రం ఒప్పుకోదని, తాను చూసేది నడుము, మెడల వంటి నొప్పులనే గానీ షుగరునూ, బీపీనీ కాదని డాక్టరు గారు మొదటి రోజే చెప్పారు. నాకు ఆయన మీద గురి కుదిరినది ఆ మాటతోనే. నన్ను ముట్టుకునే ముందు రిపోర్టులన్నీ చదివారు, వెల్లకిలా పడుకోబెట్టి ఒక్కొక్క కాలూ నిటారుగా లేపి చూశారు, మోకాళ్ల దగ్గర చిన్న సుత్తితో తట్టారు, బొటనవేళ్ల బలం పరీక్షించారు. ఆ తర్వాతే పక్కకు తిప్పి, పై మోకాలు మడిచి, నడుము దగ్గర ఒక్క ఒత్తు ఒత్తారు. టప్పుమని చప్పుడైతే ఎముక జరిగిందేమోనని నేను బెదిరిపోయాను. అది కీలులోని ద్రవంలో వాయువు బుడగ కట్టడం వల్ల వచ్చే చప్పుడేనని, చప్పుడు వచ్చినా రాకపోయినా పని జరుగుతుందని ఆయన నవ్వుతూ చెప్పారు.

వారానికి వారం నొప్పి సడలింది. అయితే ఆయన చేసిన అసలు మేలు నన్ను తన బల్ల మీదకు అలవాటు చేయకపోవడం. చేత్తో ఇచ్చే ఉపశమనం కొద్ది కాలమే నిలుస్తుందని, దానిని నిలబెట్టేది నా రోజువారీ నడవడికేనని చెప్పి, మా అబ్బాయి చేత నేను నేస్తుండగా ఫోనులో వీడియో తీయించి తెప్పించుకున్నారు. దానిని ఆపి ఆపి చూస్తూ ఎక్కడ వంగుతున్నానో వేలు పెట్టి చూపించారు. కెనడాకు చెందిన ఆచార్యులు స్టువర్ట్ మెక్‌గిల్ ప్రచారంలోకి తెచ్చిన మూడు వ్యాయామాలు నేర్పారు. నాలుగు కాళ్ల మీద ఉన్నట్టు వంగి కుడి చెయ్యీ ఎడమ కాలూ చాచడం వాటిలో ఒకటి. ఇప్పుడది మా ఇంట్లో పిల్లలకూ వచ్చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో వెలువరించిన మార్గదర్శకాలలో దీర్ఘకాలిక నడుము నొప్పికి వ్యాయామం, వెన్నుకు చేతులతో చేసే ఇటువంటి చికిత్స, మర్దన వంటివి సూచించారని, నడుము బెల్టును, బరువులు కట్టి లాగే ట్రాక్షన్‌ను మామూలుగా వాడవద్దన్నారని ఆయన ద్వారానే తెలిసింది. మా బీరువాలోని బెల్టు అప్పటి నుంచి బయటకు రాలేదు.

ఇక ఇంటి మనుషుల సంగతి. ఎక్కువసేపు ఒకే భంగిమలో కూర్చోవద్దన్నది డాక్టరు గారి మొదటి షరతు. పనిలో పడితే నాకు వేళ తెలియదు. అందుకని మా ఆవిడ ఒక ఏర్పాటు చేసింది. నాడెలో పెట్టే నూలు చుట్టిన కండెలన్నీ ఇదివరకు నా చేతి పక్కన బుట్టలో పెట్టేది. ఇప్పుడు మూడు నాలుగు మాత్రమే దగ్గర ఉంచి, మిగిలినవి ఎదుటి గోడ గూట్లో పెడుతోంది. అవి అయిపోగానే నేను లేచి, నాలుగు అడుగులు వేసి, నడుము వెనక్కి విరుచుకుని తెచ్చుకోవలసిందే. ఏ మందుల చీటీలోనూ లేని ఈ ఉపాయం వల్ల నాకు కలిగిన మేలు ఇంతా అంతా కాదు. కుంగిపోయిన నులక మంచం తీసేసి గట్టి పరుపు వేయించిన మా బావమరిదికీ, నీళ్ల బిందెలూ నూలు మూటలూ నా చేత ఎత్తనివ్వని మా పిల్లలకూ ఏమిచ్చి రుణం తీర్చుకోను?

తెల్లవారుజామున కాలువ గట్టు మీద నాతో నడుస్తున్న తోటి నేతన్నలకు వందనాలు. వానలకు గుంతలో నీరు ఊరి పని ఆగిన రోజుల్లో సైతం వారు గుమ్మం ముందు నిలబడి పిలవబట్టే నా నడక తప్పలేదు.

సాటివారికి ఒక విన్నపం కూడా చేయాలి. ఎదురు కాళ్లతో పుట్టినవారి చేత నడుము మీద తన్నించుకోవడం, క్షౌరశాలలో మెడ విరిపించుకోవడం మన ఊళ్లలో ఇంకా ఉంది. దయచేసి అటువంటివి మానండి. కాళ్లలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మల మూత్రాలు అదుపు తప్పినా కైరోప్రాక్టిక్ కోసం కూడా ఆగవద్దు. ఆ క్షణమే పెద్దాసుపత్రికి వెళ్లాలి. నొప్పితో పాటు జ్వరం ఉన్నవారు, ఎముకలు గుల్లబారినవారు ముందుగా డాక్టరును సంప్రదించకుండా ఎవరి చేతా వెన్ను ఒత్తించుకోకూడదు.

చివరగా మా వీధి వడ్రంగి మేస్త్రి గారికి. డాక్టరు గారు చెప్పిన ప్రకారం మగ్గం పీటను కొద్దిగా ఎత్తు చేసి, ముందువైపుకు ఏటవాలు ఇచ్చి, నా కొలత కుదిరే దాకా చిత్రిక పడుతూనే ఉన్నారు; కూలి మాత్రం పుచ్చుకోలేదు. ఆ పీట చూడదలచిన నేతన్నలు ఏ రోజైనా మా ఇంటికి రావచ్చు. కొలతలు రాసి ఇస్తాను, కూర్చుని నేసి చూసుకోవచ్చు కూడా.