అప్పు ఇస్తున్నారు, అంగడి నడపడం కూడా నేర్పండి

సంపాదకులు గారికి నమస్కారం.

అనంతపురం హౌసింగ్ బోర్డులో మా ఇంటి వీధి గదిలోనే చిల్లర అంగడి పెట్టాలని తయారవుతున్నాను. మా పొదుపు సంఘంలో ఇదే ఆలోచన ఉన్న ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల తరఫున కూడా ఈ ఉత్తరం.

అప్పు గురించి మాకు అందరూ చెబుతారు. సంఘంలో దొరుకుతుంది. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వ పథకం కింద బ్యాంకులిచ్చే ముద్ర శిశు రుణం అయితే తాకట్టు లేకుండా 50 వేల దాకా వస్తుంది. కానీ ఆ డబ్బుతో ఏ సరుకు ఎంత తేవాలి, దేని మీద ఎంత మిగులుతుంది అని చెప్పేవాళ్లు లేరు. శిక్షణ ఏమైనా ఉందా అని అడిగితే టైలరింగ్, బ్యూటీషియన్ అన్నారు. అవీ కావాల్సినవే. అంగడి పని కూడా పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే, దానంతట అది రాదు.

నాకు పాతూరులో అంగడి ఉన్న మామ ఒకాయన ఉన్నారు కాబట్టి మధ్యాహ్నాలు వెళ్లి ఆయన దగ్గర నేర్చుకుంటున్నాను. ఆయన మొదట చెప్పింది లెక్క. వందకు కొని 110కి అమ్మితే గల్లాలో పడిన 110లో మనది పదే. రోజుకు 5 వేల అమ్మకం జరిగితే మిగిలేది దాదాపు 450. కరెంటు బిల్లు, సరుకు తెచ్చిన ఆటో బాడుగ, ఎలుకలు కొట్టిన సంచి, అన్నీ అందులోంచే పోవాలి. "గల్లాలో డబ్బు కనపడింది కదా అని ఇంటికి వాడుకుంటే అరలు ఖాళీ అయిపోతాయమ్మా" అంటారు మామ.

తూకం సంగతి చూడండి. 50 కిలోల చక్కెర మూట విప్పి పావుకిలో పొట్లాలు కడితే 200 రావాలి. ఒక్కో పొట్లంలో 10 గ్రాములు ఎక్కువ పడితే 2 కిలోలు పోయినట్టే. కిలోకు రెండు రూపాయలు మిగిలే సరుకులో ఇక మిగిలేదేముంది? బొరుగుల డబ్బా మూత సరిగా పెట్టకపోతే వానాకాలంలో ఒక్క పూటకే మెత్తబడతాయి. పొద్దున ఉగ్గానికి మెత్తటి బొరుగులిచ్చిన అంగడికి మళ్లీ ఎవరూ రారు. రాగిపిండి కొంచెం కొంచెంగానే తెచ్చుకోవాలి, ఎక్కువ రోజులుంటే పురుగు పడుతుంది. తేదీ దాటిన బిస్కెట్లు వాపసు తీసుకుంటారా లేదా అన్నది సరుకు దించుకునే ముందే తేల్చుకోవాలి.

నిబంధనలు కూడా ఎవరో ఒకరు విడమరిచి చెప్పాలి. మన రాష్ట్రంలో సరుకులు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకం 40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రోజుకు 10 వేలు అమ్మినా 36.5 లక్షలే అవుతుంది. ఇది తెలియక మా వీధిలో ఒకామె టెన్షన్ పడి అంగడి ఆలోచనే మానుకుంది. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ మాత్రం ఎంత చిన్న అంగడికైనా ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. వంటనూనె విడిగా అమ్మకూడదు. ఉద్యమ్ నమోదు, అంటే చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవడం, పూర్తిగా ఉచితం, దానికీ డబ్బులు గుంజేవాళ్లున్నారు.

అన్నిటికంటే కష్టమైనది అరువు. రోజూ ముఖాలు చూసుకునే వీధిలో, కూలి దొరకని వారం బియ్యం కోసం వచ్చిన మనిషిని కాదనలేం, కాదనకూడదు కూడా. పెద్ద సూపర్‌మార్కెట్టు ఆ మనిషికి అరువివ్వదు, ఫోన్లో ఆర్డర్ పెడితే పది రూపాయల పప్పులు ఇంటికి రావు. చిల్లర అంగడి ఉండాల్సింది అందుకే. అయితే అరువుకూ ఒక పద్ధతి కావాలి. మామ ఇంటికొక పేజీ పెట్టి, సరుకు ఇచ్చినప్పుడల్లా తీసుకున్నవాళ్ల చేతే సంతకం పెట్టిస్తారు. కూలి డబ్బు వారానికి వచ్చే ఇంటికి వారం గడువు, జీతం ఇంటికి నెల గడువు. పాత బాకీ సగమైనా కట్టాకే కొత్త పద్దు రాస్తారు. ఆయన ఇన్నేళ్లూ ఎవరితోనూ గొడవ పడకుండా నడుపుకొచ్చారు. ఇలాంటి మామ అందరికీ ఉండరు కదా.

పట్టణాల్లో పొదుపు సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ మెప్మా అధికారులకు నా విన్నపం. అంగడి కోసం అప్పు తీసుకునే సంఘం సభ్యులకు వార్డులోనే ఒక వారం శిక్షణ పెట్టండి. ఒకరోజు తూనికలు కొలతల వాళ్లను, ఆహార భద్రత వాళ్లను పిలిపించండి. మిగతా రోజులు పాతూరులో అనుభవమున్న అంగడివాళ్ల చేత చెప్పించండి, వాళ్ల సమయానికి ఎంతో కొంత డబ్బు ఇవ్వండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పెడితే ఇంటి పని ఉన్నవాళ్లూ రాగలరు. మాలో చాలామంది శ్రావణ మాసంలో అంగడి తెరవాలనుకుంటున్నాం. ఆషాఢంలోపు ఈ శిక్షణ పెడితే మాకు అందుతుంది.

ఇట్లు,
ఒక పొదుపు సంఘం సభ్యురాలు,
హౌసింగ్ బోర్డు, అనంతపురం