చక్రం మెరిసింది సరే, డబ్బా మీద పేరేది?

సంపాదకులకు నమస్కారం.

లారీలను తళతళలాడేలా ఉంచుకోవడం గురించి పోయిన వారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. బాగుంది. చక్రాల గురించి మాత్రం అందులో రెండే వాక్యాలున్నాయి. యాసిడ్ కొడితే నిమిషంలో తెల్లబడతాయని ఒకటి, ఆ తర్వాత పాలిష్ పెడితే చాలని ఇంకొకటి. నేను 23 ఏళ్లుగా లారీ నడుపుతున్నాను, ఇప్పుడున్నది పది చక్రాల బండి. ఆ రెండు వాక్యాల గురించే ఈ ఉత్తరం.

మా బండిలో ఉండే 22 ఏళ్ల కుర్రాణ్ణి అందరిలాగే మేమూ క్లీనర్ అనే పిలుస్తాం. పేరు అదే అయినా, లోడు దించి ఒళ్లు హూనమైన మనిషిని పది చక్రాలు తోమమనడానికి నాకు నోరు రాదు. అందుకని మూడేళ్ల కిందట ఒక వాటర్ సర్వీసింగ్ దగ్గర బండి పెట్టాను. లేబుల్ లేని తెల్ల డబ్బాలోంచి ఏదో తీసి స్ప్రే చేశారు. చక్రాల మీద బుసబుసా నురగ పొంగింది. నీళ్లు కొట్టేసరికి కొత్తవాటిలా ఉన్నాయి. మావాడికి ఉత్సాహం ఆగలేదు. అదే మందులో గుడ్డ ముంచి, చేతికి తొడుగు కూడా లేకుండా ముందు చక్రాలు రుద్దాడు. అప్పుడు ఏమీ కాలేదు. రాత్రి బండి ఆపి పడుకున్నాక, వేళ్లు లోపల్నుంచి కాలిపోతున్నాయంటూ లేచి కూర్చున్నాడు. లైటు వేసి చూస్తే కాస్త ఎరుపు తప్ప పైకి ఏమీ కనిపించలేదు. ఆసుపత్రికి వెళ్తే డాక్టరు గారు అడిగిన మొదటి మాట, "ఆ డబ్బాలో ఏముంది?" నాకు తెలియదు. ఫోన్ చేస్తే సర్వీసింగ్ వాళ్లకూ తెలియదు. "యాసిడ్ అండీ" అన్నారు, అంతే.

డాక్టరు గారికే అనుమానం వచ్చి, ఇలాంటి యాసిడ్‌కు విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ జెల్ తెప్పించి పూయించారు. చక్రాలు కడిగే కొన్ని మందుల్లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ గానీ, దానికి దారితీసే అమ్మోనియం బైఫ్లోరైడ్ గానీ ఉంటుందని ఆయన చెబితేనే తెలిసింది. మామూలు యాసిడ్ పడితే అప్పుడే చుర్రుమంటుంది, మనం చెయ్యి కడిగేసుకుంటాం. ఇది పలచగా ఉంటే గంటల తర్వాత గానీ నొప్పి తెలియదు. ఈలోగా చర్మం దాటి దిగిపోయి, ఒంట్లోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఎక్కువగా పడితే గుండె లయ కూడా తప్పుతుందట. మావాడికి రెండు గోళ్లు నల్లబడి ఊడి, మళ్లీ వచ్చాయి. అంతటితో పోయింది.

చక్రాలకైనా మేలు జరిగిందా అంటే అదీ లేదు. ముందువి రెండూ అల్యూమినియంవి. వారం తిరిగేసరికి వాటి మీద సున్నం పలచగా పూసినట్టు తెల్లటి మసక వచ్చింది. ఎంత పాలిష్ పెట్టినా పూర్తిగా పోలేదు. యాసిడ్ లోహాన్నే తినేస్తే పాలిష్ మాత్రం ఏం చేస్తుంది?

అసలు చక్రం మీద నల్లగా పేరుకునేది రోడ్డు దుమ్ము ఒక్కటే కాదు. బ్రేకులు అరిగి రాలే పొడి కూడా. అందులో ఇనప రజను ఉంటుంది. అది వేడివేడిగా వచ్చి అతుక్కుని, తడి తగిలితే తుప్పు పట్టి నారింజ రంగు చుక్కలవుతుంది. వారానికోసారి కడిగితే షాంపూ నీళ్లకే చాలావరకు వదులుతుంది. నెలల తరబడి వదిలేసినప్పుడే యాసిడ్ గుర్తొస్తుంది. మొండి చుక్కలకు యాసిడ్ లేని ఐరన్ రిమూవర్లు దొరుకుతున్నాయి. ఇనుము తగలగానే ఊదా రంగుకు మారి కారతాయి. వాసన మాత్రం ముక్కు పగిలిపోతుంది.

ఇప్పుడు చక్రాలు చేత్తోనే కడుగుతున్నాం. బ్రేకులు చల్లారాక మొదలుపెడతాం, వేడి చక్రం మీద మందు ఎండిపోయి మరకలు కడుతుంది. చక్రాలకు బకెట్టు వేరు, బాడీకి వేరు. ప్రెషర్ గన్ను టైరు గోడకూ, చక్రం మధ్యలోని హబ్బు సీలుకూ దగ్గరగా పెట్టం. తడి ఆరాక అల్యూమినియానికి మైనం పూస్తాం. ఇద్దరికీ కలిపి గంటన్నర పని.

ఒకరోజు ఆ గంటన్నరలోనే మావాడు వెనక ఎడమవైపు బయటి చక్రం దగ్గర ఆగిపోయాడు. ఒక నట్టు కిందనుంచి రిమ్ము అంచు దాకా, కాటుక కరిగి కారినట్టు సన్నటి గీత ఉంది. రంగు మాత్రం ఇటుక రంగు. స్పానర్ పెడితే పెద్దగా బలం లేకుండానే నట్టు తిరిగింది. పక్కదీ అంతే. కారణం ఆలోచిస్తే గుర్తొచ్చింది. అంతకు ముందు నెల ఇనప చక్రాల డిస్కులకు, అంటే టైరు ఎక్కించే రేకు చక్రాలకు, పెయింటు వేయించాం. డిస్కు హబ్బుకు ఆనే చోట, నట్టు కూర్చునే చోట కూడా మందంగా పూసేశారు. బండి తిరిగేకొద్దీ ఆ పెయింటు అణిగి బిగువు సడలింది. అందుకే ఇప్పుడు పెయింటు వేసేటప్పుడు ఆ చోట్లు టేపుతో మూయిస్తాం. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 80 నుంచి 160 కిలోమీటర్ల లోపు ఆగి, కంపెనీ చెప్పిన లెక్కకు, బిగువు కొలిచే టార్క్ రెంచితో మళ్లీ చూస్తాం. ఆరోజు కూడా యాసిడ్ కొట్టించి ఉంటే ఆ గీత నిమిషంలో చెరిగిపోయేది. నట్టు మాత్రం లూజుగానే ఉండేది.

టైర్లకు నలుపు రావాలని డీజిలూ పాత ఇంజిన్ ఆయిలూ పూసేవాళ్లకు ఒక్క మాట. అవి రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. టైరు మీద తేలే గోధుమ రంగు చాలావరకు మురికి కాదు. గాలిలోని ఓజోను వల్ల పగుళ్లు రాకుండా రబ్బరులో కలిపిన పదార్థమే పైకి వచ్చి అలా కనిపిస్తుంది.

మీ వ్యాసకర్త గారు ఈసారి చక్రాల గురించి రాస్తే యాసిడ్ సంగతి కాస్త వివరంగా రాయాలని కోరుతున్నాను. సర్వీసింగ్ నడిపేవాళ్లు ప్రతి డబ్బా మీద మందు పేరు, నీళ్లు ఎంత కలపాలో రాసి పెట్టాలి. పనివాళ్లకు చేతి తొడుగులు, కళ్లద్దాలు ఇవ్వాలి. మావాడికి ఇప్పుడొక అలవాటైంది. బాడీ కడిగించడానికి ఎక్కడ ఆపినా, ముందు దిగి వెళ్లి డబ్బా తిప్పి చూస్తాడు. పోయిన నెలలో చూసిన నాలుగింటిలో పేరున్నది ఒక్కదాని మీదే.

ఇట్లు,
ఒక లారీ డ్రైవరు