మా మేనల్లుడికి ‘ఇమ్యూనిటీ’ తక్కువై కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

రోగనిరోధక శక్తి పెంచుకుంటే ఫ్లూ గడప తొక్కదని చెప్పే వ్యాసం పోయిన నెల మీ ఆదివారం అనుబంధంలో చదివాను. ఆ పేజీ అడుగునే ఒక పొడి డబ్బా ప్రకటన కూడా ఉంది. దాని సంగతి వదిలేస్తాను, పత్రిక నడవాలంటే ప్రకటనలు కావాలి. నన్ను గుచ్చింది అందులోని ఒక్క వాక్యం. ఫ్లూతో చచ్చేది ఒంట్లో శక్తి లేనివాళ్లేనట.

మా అక్క కొడుకు పోయిన నవంబరులో స్వైన్ ఫ్లూతో చనిపోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు. వడ్ల బస్తా ఒక్కడే ఎత్తి ట్రాక్టరులో వేసేవాడు. నాలుగు రోజులు జ్వరంతోనే తిరిగాడు. ఇంట్లో మిరియాల కషాయం, ఊళ్లో ఆరెంపీ దగ్గర ఒక ఇంజెక్షను. ఐదో రోజు ఆయాసం ఎత్తుకుంటే నెల్లూరులో ఒక ఆసుపత్రిలో చేర్చాం. హెచ్1ఎన్1, అంటే స్వైన్ ఫ్లూ అని తేలి దాని మాత్ర మొదలుపెట్టేసరికి ఆరో రోజు. తొమ్మిదో రోజు వెంటిలేటరు మీదే పోయాడు. పెద్దకర్మకు వచ్చినవాళ్లంతా ఒకటే మాట, ‘ఇమ్యూనిటీ లేదంట’. మా అక్క నన్ను పక్కకు పిలిచి, ‘ఏం అబ్బయ్యా, వాడికి నేను తిండి సరిగ్గా పెట్టలా?’ అని అడిగింది. అప్పుడు నా నోట మాట రాలేదు. ఈ ఉత్తరం ఆ ప్రశ్నకు జవాబు.

నేను డాక్టరును కాను. ముప్పై రెండేళ్లు పశువైద్య సహాయకుడిగా చేసి రిటైరయ్యాను. గొర్రెలకు చిటుకు రోగం టీకా, గేదెలకు గొంతువాపు టీకా, నాటుకోళ్లకు కొక్కెర తెగులు టీకా వేసుకుంటూ ఊరూరూ తిరిగినవాణ్ణి. అయితే ఈ విషయంలో లోకానికి పాఠం చెప్పినాయన కూడా మా తోవలోని మనిషే. పీటర్ డోహర్టీ, పశువుల డాక్టరు. ‘పశువుల డాక్టరా’ అని మూతి విరిచేవాళ్ల కోసం ఈ మాట కాస్త గట్టిగానే రాస్తున్నాను. వైద్యశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొట్టమొదటి పశువైద్యుడు ఆయనే.

1940లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో పుట్టాడు. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పశువైద్యం చదివి, ప్రభుత్వ పశు పరిశోధన కేంద్రంలో ఉద్యోగం చేశాడు. తర్వాత స్కాట్లండ్ వెళ్లి, పిడుదుల వల్ల గొర్రెల మెదడుకు సోకే ఒక వైరస్ జబ్బు మీద పరిశోధించి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తెచ్చుకున్నాడు. జుడిపి గొర్రెలు మేపే మన ఉదయగిరి, కనిగిరి వైపు కాపరులకు ఈ మనిషి పని వివరించడం నాకేమంత కష్టం కాదు.

1973లో కాన్‌బెర్రాలో రోల్ఫ్ జింకర్‌నాగెల్ అనే స్విట్జర్లాండ్ డాక్టరు ఆయనతో కలిశాడు. మెదడు పొరలకు వాపు తెచ్చే ఒక వైరస్‌ను ఇద్దరూ ఎలుకల్లో చూస్తున్నారు. వైరస్ సోకిన కణాలను వెతికి చంపే తెల్లకణాలు మన ఒంట్లో ఉంటాయి, వాటిని టి-కణాలంటారు. ఒక జాతి ఎలుక నుంచి ఈ టి-కణాలు తీసి, అదే వైరస్ సోకిన ఇంకో జాతి ఎలుక కణాల మీద వేస్తే అవి ముట్టుకోలేదు. తమ జాతి కణాల్ని మాత్రం చంపాయి. మందల కాపరికి ఇది ఇట్టే తెలుస్తుంది. ఎవరి మందకు వాళ్లు రంగు గుర్తు వేసుకుంటారు. టి-కణం ముందు తన మంద గుర్తు చూస్తుంది, ఆ గుర్తు పక్కనే వైరస్ ముక్క కనిపిస్తేనే చేయి చేసుకుంటుంది. గుర్తూ ముక్కా రెండూ కలిసి కనపడాలి. ఇది కనిపెట్టినందుకే 1996లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

మా అక్కకు నేను చెప్పాలనుకున్నది ఆ ఎలుకల్లోనే ఉంది. ఆ వైరస్ తనంతట తాను మెదడును పెద్దగా పాడుచేయదు. టి-కణాలు లేని ఎలుక ఆ వైరస్‌ను మోస్తూ బతికే ఉంటుంది. టి-కణాలు బలంగా ఉన్న ఎలుకలో అవి సోకిన కణాల మీద పడతాయి, మెదడు వాచి ఎలుక చచ్చిపోతుంది. అంటే ఆ ఎలుకను చంపింది దాని నిరోధక శక్తే.

ఫ్లూ ముదిరినప్పుడు ఊపిరితిత్తుల్లో జరిగే దాంట్లో ఇలాంటిది కొంత ఉంది. వైరస్ కణాల్ని చంపుతూ పోతుంటే ఒళ్లు ప్రమాద సంకేతాలు పంపుతుంది. అవి శ్రుతి మించితే తెల్లకణాలు గుంపులుగా దిగుతాయి, రక్తనాళాల నుంచి నీరు కారుతుంది, గాలి నిండాల్సిన సంచుల్లో ఆ నీరు నిలుస్తుంది. 1918 ఫ్లూ మన దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది. అందులో ముసలివాళ్లూ పసివాళ్లే కాదు, ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య దిట్టమైన మనుషులు విపరీతంగా పోయారు. వాళ్లందరికీ ఇళ్లల్లో తిండి పెట్టలేదా?

అలాగని నిరోధక శక్తి చెడ్డదని అనబోవడం లేదు. 1988 నుంచి డోహర్టీ అమెరికాలోని మెంఫిస్‌లో, ఆ తర్వాత మెల్‌బోర్న్‌లో, ఫ్లూ వైరస్‌ను టి-కణాలు ఎలా గుర్తుపెట్టుకుంటాయన్న దాని మీదే ఏళ్లు ధారపోశాడు. ఆయన దగ్గర పనిచేసిన క్యాథరీన్ కెడ్జియెర్స్కా ఆ పనిని ఎలుకల నుంచి ఆసుపత్రి మంచాల దాకా తెచ్చింది. 2013లో చైనాలో హెచ్7ఎన్9 అనే కోళ్ల ఫ్లూ మనుషులకు సోకినప్పుడు, ఆసుపత్రిలో చేరినవాళ్ల రక్తాన్ని చైనా శాస్త్రవేత్తలతో కలిసి పరిశీలించింది. రెండు మూడు వారాల్లో ఇంటికెళ్లినవాళ్లలో టి-కణాలు ముందే లేచాయి. ఆలస్యంగా లేచినవాళ్లు వారాల తరబడి మంచాన ఉన్నారు. చనిపోయినవాళ్లలో ఆ కదలికే దాదాపు లేదు. గడ్డివామి అంటుకున్నప్పుడు ఇరుగుపొరుగు నాలుగు బిందెలతో వెంటనే వస్తే చాలు. ఆలస్యమైతే ఫైరింజను వచ్చినా వామి దక్కదు, పక్కనున్న పాక కూడా పీకేస్తారు. సమయానికి, సరైన చోటికి రావాలి. ఏ పొడీ ఆ పని చేయించలేదు. (2021 మే నెలలో కరోనాకని కృష్ణపట్నంలో ఇచ్చిన నాటుమందు కోసం క్యూ కట్టినవాళ్లలో నేనూ ఒకణ్ణి. కాబట్టి ఇతరుల్ని వెక్కిరించే హక్కు నాకు లేదు.)

సమయానికి రప్పించే పని టీకా చేస్తుంది. గేదెకు గొంతువాపు వచ్చాక టీకా వేయమని నన్ను ఏ రైతూ అడగలేదు, తొలకరికి ముందే తోలుకొచ్చేవాళ్లు. మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి ఏమైపోతుందో. ఫ్లూ వైరస్ పైతొడుగు మార్చుకుంటూ ఉంటుంది గనుక మనుషుల టీకా ఏటా వేయించుకోవాలి. గర్భిణులకు, ముసలివాళ్లకు, షుగరు, ఉబ్బసం ఉన్నవాళ్లకు, ఆసుపత్రి సిబ్బందికి వేయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశపు సార్వత్రిక టీకాల జాబితాలో అది లేదు. ప్రైవేటులో వెయ్యి దాటిన ధర. మా ఊళ్లో కూలికెళ్లే ఎవరు వేయించుకుంటారు?

మన జిల్లాకు దీంతో ఇంకో లంకె ఉంది. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో కోళ్లు చచ్చిపోతే నమూనాలు భోపాల్ ల్యాబ్‌కు వెళ్లాయి, బర్డ్ ఫ్లూ అని తేలింది. ఆ కోళ్లను పూడ్చడానికి దిగింది మా శాఖ వాళ్లూ, కూలీలూ. 2025 మార్చిలో పల్నాడు జిల్లా పాప, రెండేళ్లది, అదే బర్డ్ ఫ్లూ వైరస్ హెచ్5ఎన్1తో చనిపోయింది. మామూలు ఫ్లూ టీకా బర్డ్ ఫ్లూను ఆపదు, ఆ మాట దాచను. కానీ ఒకే మనిషిలో రెండు వైరస్‌లూ ఒకేసారి దూరితే అవి ముక్కలు మార్చుకుని కొత్తది పుట్టొచ్చు. ఫారంలో పనిచేసేవాళ్లకు మామూలు ఫ్లూ రాకుండా చూడమని నిపుణులు చెప్పేది అందుకే.

కనుక జిల్లా అధికారులను నేను కోరేది పెద్దదేం కాదు. మన వానలు అక్టోబరులో పడతాయి. ఆ లోపు కోళ్ల ఫారాల కూలీలకు, చికెన్ కొట్టే కుర్రాళ్లకు, పశువైద్య సిబ్బందికి, గర్భిణులకు, అరవై దాటినవాళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫ్లూ టీకా ఉచితంగా వేయించండి. ఫ్లూకు వాడే ఒసెల్టామివిర్ మాత్రలు మండలాల్లో కూడా ఉంచండి. జ్వరం మొదలైన 48 గంటల్లో పడితే ఆ మాత్ర బాగా పనిచేస్తుంది, మావాడికి ఆరో రోజు పడింది. ఆరెంపీలు ఆయాసం వచ్చేదాకా ఆగకుండా పైకి పంపేలా వాళ్లకు ఒక పూట శిక్షణ ఇవ్వండి.

మీకూ ఒక మనవి. ఆ అనుబంధంలోనే, అంత పెద్ద అక్షరాలతోనే, ఇది కూడా వేయండి. మా అక్కకు చదువు రాదు. అచ్చయితే ఆ పేజీ తీసుకెళ్లి ఆమె ముందు కూర్చుని చదువుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత పశువైద్య సహాయకుడు,
కోవూరు మండలం, నెల్లూరు జిల్లా