ఎరువు తర్వాత, ముందు ఆకు కడగండి

సంపాదకులకు,

దుమ్మును అడ్డుకోవడానికి చెట్లు నాటాలన్న మాట తరచూ వింటున్నాం. మంచిదే. ఆ దుమ్ము మోసే చెట్టు సంగతేమిటన్నది మాత్రం ఎవరూ అడగరు.

ఆకు మీద పేరుకున్న దుమ్ము వెలుతురును ఆపుతుంది, ఆకును వేడెక్కిస్తుంది. అసలు చిక్కు ఆకు అడుగున. చాలా చెట్లకు పత్రరంధ్రాలు, అంటే గాలి, నీటి ఆవిరి వచ్చిపోయే సన్నని రంధ్రాలు, ఎక్కువగా కిందివైపే ఉంటాయి. సన్నని నలుసులు చేరితే కొన్ని పూడిపోతాయి, కొన్ని పూర్తిగా మూసుకోలేక రాత్రి కూడా నీటిని ఆవిరిగా వదిలేస్తుంటాయి. పాదులో తడి ఉన్నా చెట్టు వడలడానికి ఇదొక కారణం.

మట్టి దుమ్ము గట్టి వానకు చాలావరకు పోతుంది. సిమెంటు దుమ్ము అలా పోదు. దానికి క్షారగుణం ఉంది. మంచు తడికే ఆకు మీద పెచ్చు కడుతుంది. గోకితే ఆకు పైపొర కూడా లేచొస్తుంది కాబట్టి ఆ ఆకులను వదిలేసి చిగుళ్లను కాపాడుకోవడమే మేలు. ఇదే దుమ్ము నేలలో చేరి పీహెచ్ (క్షారగుణం) పెంచితే, ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. అప్పుడు లేత ఆకుల్లో ఈనెలు ఆకుపచ్చగా ఉండి, మధ్య భాగం పసుపెక్కుతుంది. చూడగానే నత్రజని లోపమనుకుని యూరియా వేసేస్తారు! నత్రజని లోపమైతే ముదురాకులు ముందుగా, మొత్తంగా పసుపెక్కుతాయి. ఇనుము లోపానికి లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. దుమ్ము మీద కొడితే మందు ఆకుకు అందదు, ముందురోజే కడగాలి.

కడగడమంటే పైపైన చిలకరించడం కాదు. అలా చేస్తే దుమ్ము బురదై ఇంకా అంటుకుంటుంది. తెల్లవారుజామున, చిగుళ్లు చిరగనంత ఒత్తిడితో, కింది నుంచి పైకి ఆకు అడుగు తడిసేలా నీరు కొట్టి, కారే నీరు తేటగా వచ్చేదాకా ఆపకూడదు. మురికి నీరు పాదులో ఎండి పైపొర బిగుసుకుంటుంది. దాన్ని పైపైన గుల్ల చేసి, 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు పరవాలి, మొదలుకు తగలకుండా.

దుమ్ము పట్టిన చెట్టుకు ఆకు రసం పీల్చే సన్నని పురుగు ఎర్రనల్లి బెడద కూడా ఎక్కువే, దాన్ని తినే మిత్ర పురుగులు అక్కడ నిలవలేవు కనుక. కొమ్మ కింద తెల్లకాగితం పట్టి తట్టండి. రాలిన చుక్కల్లో కొన్ని నడుస్తుంటే అవి ఎర్రనల్లులే. పురుగుమందు తెచ్చేముందు ఆకు అడుగు కడిగి చూడండి, చాలాసార్లు దానితోనే తగ్గుతాయి.

గరుకు ఆకులు, నూగు ఆకులు దుమ్మును బాగా పడతాయి, అంతే గట్టిగా పట్టుకుంటాయి కూడా. కడిగే ఏర్పాటు ఉన్నచోటే అవి నాటాలి. లేనిచోట నున్నటి ఆకుల చెట్లో, ఏటా ఆకు రాల్చేవో నయం.